నకలు కారు రోడ్డు మీదే ఉండాలి

పోర్షే 356 స్పీడ్‌స్టర్‌ను పోలి ఉండేలా తయారయ్యే నకలు కార్లను కొందరు బొమ్మలని తీసిపారేస్తారు. ఆ పాత కారును రోజూ నడపాలని ఉన్నవాళ్లకు సరైన దారి నకలేనని నా నమ్మకం. 1954లో వచ్చిన అసలు స్పీడ్‌స్టర్ హంగులు తగ్గించి, 3,000 డాలర్ల లోపు ధరకు అమెరికాలో అమ్మిన కారు. ఇవాళ అది లక్షల డాలర్లు పలుకుతోంది కాబట్టి గీత పడుతుందన్న భయంతోనే షెడ్డులో ఉండిపోతుంది. నకలుకు ఆ భయం లేదు. పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, చాలావాటిలో కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చట్రం, వెనక గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజిన్. బీటిల్‌లు రెండు కోట్లకు పైగా తయారయ్యాయి, అందుకే విడిభాగాలు ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి.

"ఎంతైనా నకిలీయే కదా" అంటారు. తొలి 356లు కూడా బీటిల్ భాగాలతో తయారైనవే. నకలును అసలని చెప్పి అమ్మితే మోసం, నకలుగా నడుపుకుంటే అందులో తప్పేముంది? భద్రత గురించిన అభ్యంతరం మాత్రం బలమైనది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ సాధారణంగా ఉండవు. కాబట్టి మంచి సీటుబెల్టులు, ముందు డిస్క్ బ్రేకులు వేయించుకోవాలి, పిల్లలతో ప్రయాణాలకూ హైవేకూ వేరే కారు వాడాలి. ఊళ్లో ఆఫీసుకు వెళ్లిరావడానికి ఇది చాలు. పైగా వాడకంలో ఉన్న కారుకే ఆయిలు, వాల్వులు వేళకు చూస్తారు. కొన్న కారును నడపడమే దానికిచ్చే గౌరవం.