వాడని అభిమానం

క్రీడాకారుని కీర్తి సాధారణంగా అతని దేహబలంతో ముడిపడి ఉంటుంది. బలం ఉన్నంతకాలం జనం జేజేలు పలుకుతారు. అది సన్నగిల్లగానే మరొక వీరుని వెంట నడుస్తారు. ఇది లోకరీతి. ఈ రీతికి లొంగనివారు ఎక్కడో ఒకరుంటారు. అమెరికా దేశపు ముష్టియుద్ధ వీరుడు మహమ్మద్ అలీ అటువంటివాడు. చివరి పోటీ ముగిసిన దాదాపు 35 ఏళ్లకు, మాట క్షీణించి, నడక తడబడిన స్థితిలో ఆయన కన్నుమూశాడు. అప్పుడు ఎన్నో దేశాల ప్రజలు తమ ఇంటి మనిషిని పోగొట్టుకొన్నట్లు దుఃఖించారు. ఇంతటి అభిమానానికి మూలమేమిటి? ఈ ప్రశ్న చాలాకాలంగా నా మనసులో మెదలుతూనే ఉన్నది.

నిజానికి మా ఇంట్లో ముష్టియుద్ధమంటే ఎవరికీ ఇష్టం లేదు. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు. "ఎదుటివాని ముఖం వాచేటట్లు కొట్టడం ఆట ఎట్లా అవుతుందిరా?" అనేవారు. అయినా దినపత్రికలో అలీ వార్త కనిపిస్తే మాత్రం కళ్లద్దాలు సవరించుకొని చివరిదాకా చదివేవారు. 1980లో అలీ మద్రాసు వచ్చి, నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీలో పాల్గొన్నప్పుడు మా ఇంట్లో రెండు రోజులు అదే ముచ్చట. ఆటను మెచ్చని మనిషి ఆటగాణ్ణి ఎందుకు మెచ్చుకొంటున్నారో ఆనాడు నాకు బోధపడలేదు.

అలీ 1942 జనవరి 17న కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాషియస్ క్లే. నల్లవారిని అడుగు పెట్టనివ్వని హోటళ్లు ఆ రోజుల్లో ఆ నగరంలో ఉండేవి. పన్నెండేళ్ల వయసులో అతని సైకిలును ఎవరో దొంగిలించారు. దొంగ దొరికితే చితకబాదుతానని ఆ బాలుడు జో మార్టిన్ అనే పోలీసు అధికారి ఎదుట కోపంతో ఊగిపోయాడు. ముందు దెబ్బలాడటం నేర్చుకొమ్మని సలహా ఇచ్చి, ఆ అధికారే అతనికి తొలి గురువయ్యాడు. ఆ శిష్యుడే 1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకం సాధించాడు. 1964 ఫిబ్రవరిలో సోనీ లిస్టన్‌ను ఓడించి, 22 ఏళ్లకే ప్రపంచ హెవీవెయిట్ విజేత అయ్యాడు. ఆ వెంటనే తాను ఇస్లాం మార్గాన్ని అనుసరిస్తున్నట్లు ప్రకటించి, పేరు మార్చుకొన్నాడు.

అయితే ఆ రోజుల్లో ఆయనను ప్రేమించినవారికంటె ద్వేషించినవారే ఎక్కువ అంటే నేటి యువతకు ఆశ్చర్యం కలుగవచ్చు. పోటీకి ముందే ప్రత్యర్థి ఏ రౌండులో పడిపోతాడో చెప్పి గొప్పలు పలికేవాడు. అది చాలామందికి అహంకారంగా తోచింది. ఎన్నో పత్రికలు కొత్త పేరును రాయడానికి ఇష్టపడక ఏళ్ల తరబడి పాత పేరునే వాడాయి. ఇక 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో జరిగిన ఘటన ఆ ద్వేషాన్ని పరాకాష్ఠకు చేర్చింది. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరవలసిందిగా అధికారులు పేరు పిలిచినప్పుడు ఆయన అడుగు ముందుకు వేయలేదు. తన మతవిశ్వాసం ఆ యుద్ధానికి అంగీకరించదన్నాడు. ఫలితంగా విజేత బిరుదు పోయింది. న్యాయస్థానం ఐదేళ్ల కారాగార శిక్ష, పదివేల డాలర్ల జరిమానా విధించింది. అప్పీలు కారణంగా జైలుకు పోలేదు గాని, సుమారు మూడున్నర ఏళ్లపాటు రింగులోకి దిగే వీలు లేకపోయింది. అవి ముష్టియోధుని జీవితంలో అమూల్యమైన సంవత్సరాలు. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. పోయిన బిరుదు మళ్లీ గెలుచుకోవచ్చు. పోయిన యౌవనాన్ని ఏ న్యాయస్థానమూ తిరిగి ఇవ్వలేదు.

జనాభిమానానికి బీజం ఇక్కడ పడిందని నేననుకొంటాను. మాట చెప్పడం సులభం. ఆ మాటకు మూల్యం చెల్లించడం కష్టం. అలీ తన మాటకు మూల్యం చెల్లించాడు. ఆయన అభిప్రాయంతో ఏకీభవించనివారు కూడా కాలక్రమంలో ఆ నిజాయితీకి తలవంచారు.

తిరిగి వచ్చిన అలీ పూర్వపు అలీ కాడు. కాళ్లలో వేగం తగ్గింది. 1971 మార్చిలో జో ఫ్రేజియర్ చేతిలో తొలిసారి ఓడిపోయాడు. చివరి రౌండులో నేలకూలి, వెంటనే లేచి, పోటీ ముగిసేవరకు నిలబడ్డాడు. 1974 అక్టోబరు 30న కిన్షాసా నగరంలో అప్పటివరకు ఓటమి ఎరుగని జార్జ్ ఫోర్‌మన్‌ను ఎదుర్కొన్నాడు. అప్పుడు అలీ వయసు 32. ఫోర్‌మన్ వయసు 25. తాళ్లకు ఆనుకొని దెబ్బలను ఓర్చుకొంటూ ప్రత్యర్థిని అలసిపోనిచ్చి, ఎనిమిదవ రౌండులో పడగొట్టాడు. ఆనాడు ఆయనను గెలిపించినది ఓర్పు. అంతకుమించి చెప్పుకోదగినది మరొకటున్నది. ఓడిన ఫోర్‌మన్ తరువాత ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. ఆ పోటీపై తీసిన చిత్రానికి 1997లో ఆస్కార్ పురస్కారం లభించినప్పుడు, వేదిక మెట్లెక్కలేకపోతున్న అలీకి చేయూతనిచ్చినవాడు ఆ ఫోర్‌మనే.

అలీ దోషరహితుడు కాడు. బిరుదు కోల్పోయి ఉన్న రోజుల్లో తనకు అండగా నిలిచిన ఫ్రేజియర్‌ను తరువాత నలుగురిలో అవమానకరమైన పేర్లతో పిలిచాడు. ఆ గాయం ఫ్రేజియర్ మనసులో ఏళ్ల తరబడి మానలేదు. 2001లో అలీ తన తప్పును బహిరంగంగా ఒప్పుకొని క్షమాపణ కోరాడు. 2011లో ఫ్రేజియర్ మరణించినప్పుడు, అనారోగ్యంతో ఉండి కూడా అంత్యక్రియలకు వెళ్లాడు. ఆయనను అభిమానించడానికి ఈ తప్పును దాచవలసిన పని లేదు.

1984లో వైద్యులు ఆయనకు పార్కిన్‌సన్స్ వ్యాధి లక్షణాలున్నట్లు గుర్తించారు. రింగులో తలకు తగిలిన దెబ్బలే కారణమని పలువురు భావించారు. కీర్తినిచ్చిన ఆటే ఆరోగ్యాన్ని హరించిందేమో! లోకాన్ని ఉర్రూతలూగించిన ఆ గొంతు క్రమంగా మూగబోయింది. అయినా ఆయన ఇంటికి పరిమితం కాలేదు. 1990లో ఇరాక్ వెళ్లి, అక్కడ నిర్బంధంలో ఉన్న 15 మంది అమెరికన్లను తన వెంట స్వదేశానికి తీసుకొని వచ్చాడు. ఒకనాడు యుద్ధానికి పోనన్నందుకు ద్రోహి అనిపించుకొన్న వ్యక్తి, యుద్ధం ముంచుకొస్తున్న వేళ తన దేశస్థుల కోసం అక్కడికి వెళ్లడం గమనింపదగినది.

1996 నాటికి మా నాన్నగారికి కూడా అదే వ్యాధి సోకి రెండేళ్లయింది. నల్లబల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన చేయి సంతకం చేయడానికే వణికేది. ఎవరైనా వస్తే ఆ చేతిని కండువా కింద దాచుకొనేవారు. పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానేశారు. పంక్తిలో కూర్చొంటే ముద్ద జారిపోతుందని ఆయన భయం. ఆ జూలైలో ఒక ఉదయం అట్లాంటా ఒలింపిక్ ప్రారంభోత్సవాన్ని ఇంట్లో అందరం టెలివిజన్‌లో చూస్తున్నాము. జ్యోతిని వెలిగించేది ఎవరో అప్పటివరకు లోకానికి తెలియదు. తెల్లని దుస్తులలో అలీ వచ్చి నిలబడ్డాడు. కుడిచేతిలో కాగడా. ఎడమచేయి ఆగకుండా వణుకుతున్నది. కోట్లాది జనం చూస్తున్నారని తెలిసి కూడా ఆయన ఆ చేతిని దాచుకోలేదు. స్టేడియమంతా హోరెత్తిపోయింది. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "దాచుకోలేదు, చూశావా?" అని మాత్రం అన్నారు.

ఆ మరుసటి నెలలో మా పినతండ్రిగారి అమ్మాయి వివాహం జరిగింది. నాన్నగారు పంక్తిలో కూర్చొన్నారు. చారు కొంత విస్తరి దాటింది. ఆయన నవ్వి, ఎడమచేత్తో తుడుచుకొని, మళ్లీ కలుపుకొన్నారు. ఎవరూ ఆయన చేతి వంక చూడలేదు. ఆయన కబుర్లు వింటూ ఉన్నారు. ముష్టియుద్ధాన్ని మెచ్చని నాన్నగారు అలీని ఎందుకు మెచ్చుకొన్నారో నాకు ఆనాడు బోధపడింది.

2016 జూన్ 3న అలీ 74వ ఏట మరణించాడు. జూన్ 10న ఆయన పార్థివదేహం లూయీవిల్ వీధులగుండా చివరి ప్రయాణం సాగించింది. వేలాది ప్రజలు దారికి ఇరువైపులా నిలిచి, పేరు పెట్టి పిలుస్తూ పూలు చల్లారు. బాల్యంలో తాను నివసించిన ఇంటి మీదుగా ఆ వాహనం కదిలింది. ఒకప్పుడు నల్లవారిని వేరుగా నిలిపిన ఆ నగరంలో ఆనాడు తెల్లవారూ నల్లవారూ పక్కపక్కనే నిలిచి కంటతడి పెట్టారు. 2019లో ఆ నగర విమానాశ్రయానికి ఆయన పేరు చేర్చారు.

అలీ 61 పోటీలలో 56 గెలిచాడు, ఐదింటిలో ఓడాడు. ఈ లెక్కలు గ్రంథాలలో ఉంటాయి. అంతకంటె మెరుగైన లెక్కలు గలవారు కూడా ఉన్నారు. కాని జనం దాచుకొన్నది లెక్కలను కాదు. నమ్మినదాని కోసం నష్టపోవడానికి వెనుదీయని యువకుణ్ణి, తప్పును ఒప్పుకొన్న పెద్దమనిషిని, వణుకుతున్న చేతితోనే జ్యోతిని వెలిగించిన రోగిని వారు గుండెల్లో దాచుకొన్నారు. బలాన్ని చూసి మెచ్చుకొంటాము. బలం పోయిన తరువాత కూడా నిలిచే ధైర్యాన్ని చూసి ప్రేమిస్తాము. మెప్పు కాలంతోపాటు మాసిపోతుంది. ప్రేమ మాత్రం మిగిలి ఉంటుంది.