కుప్ప అడుగున తడి గింజలు

మా పెద్దబ్బాయి హైదరాబాదులో ఇంజనీరింగు ముగించి, అక్కడే ఒక చిన్న సంస్థలో రెండు సంవత్సరాలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేశాడు. ఆ సంస్థ మూతపడింది. వాడు పెట్టె సర్దుకుని ఆత్మకూరుకు తిరిగివచ్చిన నాటినుండి మా ఇంట్లో ఇషా నమాజు తరువాత ఒకే ప్రస్తావన నడిచేది: పరదేశంలో ఉద్యోగం. బంధువులు, ఇరుగుపొరుగు, మసీదులో పరిచయస్థులు తలా ఒక దారి చూపారు. ఆ దారుల్లో మేము ఎంతవరకు నడిచామో, ఎక్కడ తప్పటడుగు వేశామో, ఎవరు మమ్మల్ని వెనక్కి లాగారో పాఠకులతో పంచుకోవాలని భార్యాభర్తలం ఇద్దరమూ నిశ్చయించుకున్నాము. మాలాంటి తల్లిదండ్రులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.

వలస మా పాలమూరుకు కొత్త కాదు. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రమైన ఈ ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెలనుండి తరతరాలుగా జనం పొట్ట చేతపట్టుకుని వెళ్లారు. కృష్ణానది పక్కనే పారుతున్నా, దూరదేశాల్లో ఆనకట్టలు కట్టడానికి, కాలువలు తవ్వడానికి పోయారు. మేస్త్రీ ఇంటికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ పైకం తీరేవరకు ఆలుమగలు అతని గుంపును విడిచి రాలేకపోయేవారు. నేడు మన పిల్లలు పార, తట్టలకు బదులు ల్యాప్‌టాప్ పట్టుకుని బయలుదేరుతున్నారు. అయినా గడప దగ్గర మధ్యవర్తి మాత్రం అలాగే నిలబడి ఉన్నాడు. తేడా ఒక్కటే. నాడు అడ్వాన్సు అతడు ఇచ్చేవాడు. నేడు మనమే అతనికి ఇస్తున్నాము.

మేమూ ఇచ్చాము. హైదరాబాదులోని ఒక కన్సల్టెన్సీవారు అమెరికా ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. మొత్తం లక్షన్నర, ముందుగా అరవై వేలు. అబ్బాయి తల్లి తన రెండు గాజులు తీసి ఇచ్చింది. పైకం చేతికి అందిన తరువాతే వారు అసలు విధానం వివరించారు. రెండు సంవత్సరాల అనుభవాన్ని అయిదు అని రాయాలి. ఎక్కడా లేని సంస్థ పేరు వారే ఇస్తారు. ఎవరైనా ఫోను చేసి విచారిస్తే జవాబు చెప్పే మనిషి వారి దగ్గరే ఉంటాడు. ఇంటర్వ్యూలో మరొకరు చాటునుండి సమాధానాలు అందిస్తారు.

ఆ రాత్రి అబ్బాయి భోజనం ముందు కూర్చుని, “అబ్బా, నేను ఈ పని చేయలేను” అన్నాడు. ఇక్కడే మా తప్పు చెప్పుకోవాలి. వాడికి చిన్ననాడు సూరాలు నేర్పింది మేమే. అబద్ధమాడితే కోప్పడింది మేమే. అయినా ఆ రాత్రి మా ఇద్దరి నోటినుండీ ఒకే మాట వచ్చింది: “అందరూ చేస్తున్నదే కదా బేటా! ఒకసారి వెళ్లి నిలదొక్కుకుంటే ఆ తరువాత నిజాయితీగానే ఉండవచ్చు.”

వాడు కొంతసేపు మౌనంగా ఉండి, “దాదా కాయల ముచ్చట మీరే కదా నాకు చెప్పింది?” అని అడిగాడు.

మా నాన్నగారు వేరుశనగ పండించేవారు. ఒక ఏడు కుప్ప మీద అకాలవర్షం పడింది. పొడి కాయలు పైన పరిచి బస్తాలు కుట్టించమని పక్కవారు సలహా ఇచ్చారు. ఆయన తడిసిన కాయలను వేరుచేసి, విడి బస్తాలకెత్తి, బజారులో తడిసినవని చెప్పి తక్కువ ధరకు అమ్మారు. మహాప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటనను ఆయన మాకు పదేపదే చెప్పేవారు. వాన వల్ల తడిసిందని ఆ వర్తకుడు విన్నవించుకున్నాడు. అయితే కొనేవారికి కనబడేలా తడి గింజలను పైనే ఉంచవలసిందని ప్రవక్త (స) మందలించి, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. ‘సహీహ్ ముస్లిం’లో నమోదైన హదీసు ఇది.

మేము ఇద్దరమూ తలలు వంచుకున్నాము. అనుభవ పత్రం కూడా ఒక ధాన్యపు రాశే. పైన అయిదేళ్ల పొడి గింజలు పరిచి, అడుగున రెండేళ్ల నిజాన్ని దాచమని కన్నబిడ్డకు చెప్పినవాళ్లం మేము. హలాల్ సంపాదన అంటే మొదటి జీతంనుండి లెక్కపెట్టేది అనుకున్నాము. అది దరఖాస్తులో రాసే మొదటి వాక్యంనుండే మొదలవుతుందని మా బిడ్డ మాకు నేర్పాడు. కన్సల్టెన్సీకి ఇక రామని చెప్పాము. అరవై వేలు తిరిగి రాలేదు.

ఆ తరువాత విషయాన్ని మేమే చదివి తెలుసుకోవడం మొదలుపెట్టాము. అమెరికా హెచ్‌-1బీ వీసాకు అభ్యర్థి స్వయంగా దరఖాస్తు చేసుకోలేడు. అతని తరఫున అక్కడి యజమానే చేయాలి. ఏటా పరిమితి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి అదనంగా 20,000. కోరేవారు అంతకు ఎన్నో రెట్లు ఉన్నందున లాటరీ తీస్తారు. ఒకే మనిషి పేరును అనేక సంస్థల ద్వారా నమోదు చేయించే మోసం పెరగడంతో, 2024నుండి ఎన్ని నమోదులున్నా ఒక మనిషిని ఒక్కసారే లెక్కించే పద్ధతి తెచ్చారు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. వీసా కోసం తెలిసి అబద్ధం చెప్పినట్లు తేలితే ఆ దేశపు తలుపులు జీవితాంతం మూసుకుపోయే చట్టమూ ఉంది. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారంలో అరెస్టయిన విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో ఎందరో తెలుగు పిల్లలు. తరగతులే లేని ఆ విశ్వవిద్యాలయాన్ని అమెరికా అధికారులే వలగా నెలకొల్పారు. తరగతులు లేవని తెలిసీ చేరారన్నదే ఆ పిల్లలపై అధికారుల ఆరోపణ.

రెండవ దారి ఇంకా సులభంగా కనిపించింది. థాయిలాండులో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం, జీతం లక్ష, టికెట్టు వారిదే. పరిచయస్థుడొకరు వాట్సాప్‌లో పంపారు. అబ్బాయి ఆరా తీయగా భారత విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే చేసిన హెచ్చరిక కనిపించింది. ఐటీ నైపుణ్యం గల యువకులను ఇలాంటి ఉద్యోగాల పేరుతో రప్పించి, సరిహద్దు దాటించి మయన్మారులో నిర్బంధిస్తున్నారనీ, వారిచేత సైబర్ మోసాలు చేయిస్తున్నారనీ అందులో ఉంది. 2025 మార్చిలో అక్కడినుండి విడిపించిన 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకువచ్చారు. వారిలో తెలంగాణ, ఆంధ్ర యువకులూ ఉన్నారు. కొట్టి పని చేయించే ఆ చోట కూడా చేయించింది అబద్ధమే: అపరిచితుల సొమ్మును మాటలతో దోచుకోవడం. ఆ సందేశాన్ని మరొకరికి పంపకుండా తుడిచివేశాము.

అయితే సక్రమమైన మార్గం లేదా? ఉంది, అది నిదానమైనది. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 వలస చట్టం ప్రకారం భారత ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. ఆ పేరు ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఎమిరేట్స్ చట్టం ప్రకారం నియామకపు ఖర్చు యజమానే భరించాలి, ఉద్యోగినుండి వసూలు చేయరాదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చేయడం నేరం. విశ్వవిద్యాలయ పట్టాను మొదట రాష్ట్ర స్థాయిలో, తరువాత విదేశాంగ మంత్రిత్వ శాఖలో, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసుకోవాలి. జర్మనీ 2024 జూన్ 1నుండి ‘అవకాశ కార్డు’ ఇస్తున్నది. దానితో అక్కడికి వెళ్లి ఒక సంవత్సరంపాటు ఉద్యోగం వెదుక్కోవచ్చు. అయితే ఖర్చులకు సరిపడే పైకం ముందే చూపాలి, చదువుకూ భాషకూ వయసుకూ మార్కులుంటాయి. పై చదువులకు వెళ్లాలనుకునే పిల్లలకు తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సాయం ఇస్తుంది.

మాకు ఖర్చు తప్పలేదు. అబ్బాయి హైదరాబాదులో ఉండి ఆటోమేషన్ టెస్టింగ్ నేర్చుకోవడానికి, పరీక్ష రుసుముకు, పట్టా ధ్రువీకరణకు లక్షా ఇరవై వేలు కావలసివచ్చింది. వడ్డీకి తీసుకోమని కొందరు తొందరపెట్టారు. ఒక అధర్మంనుండి బయటపడి మరొక దానిలో కాలు పెట్టలేకపోయాము. వాడి చాచా ఎనభై వేలు, మామూ నలభై వేలు ఖర్జె హసనాగా ఇచ్చారు. అయినవారి మధ్య కాగితమెందుకని వారు మొహమాటపడ్డారు. దివ్యఖుర్ఆన్‌లోని అత్యంత సుదీర్ఘమైన ఆయతు అప్పును రాసుకోవడం గురించే అని గుర్తుచేసి, గడువుతో సహా రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాము. ఆ కాగితం వల్ల మా బంధుత్వంలో ఒక్క మాట పొల్లు పోలేదు.

తరువాతి తొమ్మిది నెలలు కఠినమైనవి. అబ్బాయి రోజూ ఫజ్ర్ తరువాత దరఖాస్తులు పంపేవాడు. చాలావాటికి జవాబే ఉండేది కాదు. వాడితో చదివినవాడొకడు అబద్ధపు అనుభవంతో పెద్ద జీతంలో చేరాడని విన్న రోజున వాడి తల్లి కంటతడి పెట్టింది. ఇస్తిఖారా నమాజు చేసి, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గాథను తలచుకునేవాళ్లం. వట్టి చేతులతో మక్కానుండి మదీనాకు వలసవచ్చిన ఆయనకు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపాడు. ఆయన దుఆ చేసి, తనకు బజారు దారి చూపితే చాలన్నారు. జున్ను, నెయ్యి అమ్మి మొదలుపెట్టి గొప్ప వర్తకుడయ్యారు. పరదేశంలో బతుకు వెదుక్కునేవాడికి ఆ బజారు దారే చాలు.

చివరికి దుబాయిలోని ఒక సంస్థనుండి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూలో అనుభవం ఎంత అని అడిగితే రెండేళ్లే అన్నాడు. తెలియని ప్రశ్నకు తెలియదన్నాడు. అయిదేళ్లవారికి ఇచ్చే జీతం కాక, కొత్తవారికి ఇచ్చేదే ఇచ్చారు. వీసా, టికెట్టు సంస్థే భరించింది. అల్‌హందులిల్లాహ్, వాడు వెళ్లి ఏడాది దాటింది. చాచా అప్పు తీరింది, మామూ అప్పు సగం మిగిలింది. తల్లి గాజులు ఇంకా రాలేదు. వచ్చే ఏడు చేయిస్తానని వాడు ఫోనులో అంటుంటాడు. తొందర లేదని ఆమె అంటుంది.

ఆ తడి కాయల ముచ్చట ఇప్పుడు మా చిన్నమ్మాయికి చెబుతున్నాము. ఆమె కూడా కంప్యూటర్ చదువే చదువుతోంది. మన పిల్లలు దరఖాస్తు రాసే వేళ వారి పక్కన కూర్చుని మనం ఏ మాట చెబుతున్నామో ప్రళయదినాన మనల్నీ అడుగుతారు. అల్లాహ్ మన సంతానానికి ధర్మసమ్మతమైన ఉపాధిని, మనకు వారిని సరైన మాటతో సాగనంపే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.