వంద వాట్ల బుస

పోయిన సంక్రాంతికి నాన్న మా ఇంటికొచ్చారు. ఆయనకి వినిపించాలనే అంతకు ముందే సెకండ్‌హ్యాండ్‌లో హార్న్ స్పీకర్లు కొన్నాను. సెన్సిటివిటీ 99 డెసిబెల్స్! ఇంత మంచి స్పీకర్లకి తగ్గ ఆంప్లిఫయర్ ఉండొద్దూ? ఛానెల్‌కి వంద వాట్లది తెచ్చి, దాని ముందు ఓ ప్రీఆంప్ కూడా తగిలించాను.

రాత్రి అందరూ పడుకున్నాక సన్నగా బాలమురళి సీడీ పెట్టాను. ఆలాపన మొదలవకముందే స్పీకర్ల లోంచి బుస్సుమని ఒకటే శబ్దం.

"ఏరా, మన పాత రేడియో కూడా ఇట్లానే బుసకొట్టేది. దీనికి ఇంత డబ్బెందుకు పోశావ్?" అని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పిలిచినా రాలేదు.

ఆఫీసులో ఏ సమస్యొచ్చినా ఇంకో సర్వర్ కొందామనే మేనేజర్లని చూసి నవ్వుకుంటాను కదా, ఇంట్లో నేను చేసిందీ అదే.

అసలు లెక్క ఇదీ. 99 డెసిబెల్స్ అంటే ఒక్క వాటుకి మీటరు దూరంలో వచ్చే శబ్దం. మామూలు స్పీకర్లు 87 దగ్గర ఉంటాయి. ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు. అంటే 12 తేడాకి 16 రెట్లు. అక్కడ 16 వాట్లు చేసే పని ఇక్కడ ఒక్క వాటు చేస్తుంది. 1946లో పాల్ క్లిప్ష్ తన క్లిప్ష్‌హార్న్ అమ్మడం మొదలెట్టిన రోజుల్లో ఆంప్లిఫయర్లకి ఉన్నవే కాసిని వాట్లు, అందుకే ఆ హార్న్‌లు. నా వంద వాట్లలో సగం వాటు కూడా ఖర్చయ్యుండదు.

చిక్కేంటంటే, స్పీకరుకి పాటా బుసా ఒకటే. రెంటినీ సమానంగా పెంచుతుంది. పైగా సీడీ ప్లేయరే 2 వోల్టులిస్తుంది. చాలా పవర్ ఆంప్‌లకి ఫుల్ పవర్ రావడానికి ఒకటో రెండో వోల్టులు చాలు. మధ్యలో ప్రీఆంప్ దాన్ని ఇంకో పదిరెట్లు చేయడమెందుకు? నాబ్ కాస్త కదిపితే చాలు, ఇల్లు ఎగిరిపోతోంది. మరీ తగ్గిస్తే ఒక ఛానెల్ వినిపించి ఇంకోటి మాయం.

అన్నీ ఆపేసి, ప్రీఆంప్ ఊడదీసి, పవర్ ఆంప్ ఇన్‌పుట్లకి షార్టింగ్ ప్లగ్గులు పెట్టి ఆన్ చేశాను (ఇన్‌పుట్లకండీ బాబూ, స్పీకర్ టెర్మినల్స్‌కి కాదు!). బుస దాదాపు పోయింది. అంటే దొంగ ప్రీఆంపే. అప్పటికీ బుస తగ్గకపోతే తప్పు పవర్ ఆంప్‌దన్నమాట. ప్రీఆంప్ ప్లేసులో ఒక పాసివ్ వాల్యూమ్ కంట్రోల్, పొట్టి కేబుళ్ళు పెట్టాను. ప్రీఆంప్ అటకెక్కింది.

కాబట్టి ఇలాంటి స్పీకర్లు కొనేవాళ్ళు షాపులో ఎన్ని వాట్లని అడక్కండి. గెయిన్ ఎంతో అడగండి. పాటేమీ పెట్టకుండా స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి.

నాన్న ఊరెళ్ళే ముందు రాత్రి బతిమాలి కూర్చోబెట్టాను. అదే సీడీ. ఆలాపనలో ఆయన ఆగినచోటల్లా ఇల్లూ ఆగింది. నాన్న ఏమీ అనలేదు. పాట అయిపోయాక మాత్రం, "ఇంకోటి పెట్టరా" అన్నారు.