పల్లేరు నేలకు కుక్క బూట్లు

కుక్క కాలికి తొడుగు వేయడం మంచు దేశాల అలవాటు. అలాస్కాలో 1973 నుంచి ఏటా జరుగుతున్న ఇడిటరాడ్ బండి పందెంలో ఒక్కో కుక్కకు ఎనిమిదేసి తొడుగులు సిద్ధంగా ఉండాలన్నది నియమం. కాళ్లు నాలుగే అయినా తొడుగులు దారిలో చిరుగుతాయి, ఊడిపోతాయి. అవి పలుచని గుడ్డ సంచులు, లోపల ఉన్నిపొరేమీ ఉండదు. వేళ్ల మధ్య వెంట్రుకలకు మంచు ఉండలు కట్టి చర్మాన్ని కోయకుండా, గరుకు మంచు మీద అరికాలు అరగకుండా చూడటమే వాటి పని. షికాగో, డెట్రాయిట్, టొరంటోలలో కుక్కను పెంచుకునే తెలుగు కుటుంబాలకు మరో బెడద ఉంది. మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, కాల్షియం క్లోరైడు కుక్క కాళ్లను మండిస్తాయి. ఇంటికొచ్చాక అది కాళ్లు నాకితే కడుపులోకీ పోతాయి. చలికాలపు బూటు పుట్టిన చోట కూడా దాని గొడవంతా నేలతోనే.

ఉత్తర తెలంగాణలో మంచు పడదు, రోడ్లకు ఉప్పు చల్లరు. చలి మాత్రం గట్టిదే. డిసెంబరు, జనవరి నెలల్లో తిర్యాణి మండలం గిన్నెదరి, సిర్పూర్ (యు) వంటి ఊళ్ల పేర్లు వాతావరణ వార్తల్లో తరచూ వినిపిస్తాయి. కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు దిగుతుంది. మనుషులు చలిమంట చుట్టూ చేరే ఆ చలి, ఆరోగ్యంగా ఉన్న కుక్క అరికాలికి లెక్కలోది కాదు. కుక్క పాదంలో ధమనులు, సిరలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కిందికి వచ్చే వేడి రక్తం, పైకి పోయే చల్లని రక్తాన్ని దారిలోనే వెచ్చబరుస్తుంది. అందువల్ల ఒంట్లో వేడి నేలపాలు కాదు, అరికాలూ గడ్డకట్టదు. జపాన్‌కు చెందిన నినోమియా బృందం సుమారు 2011–12లో ఈ అమరికను సూక్ష్మదర్శినితో చూసి వివరించింది. చలికి వణికే చిన్న పిల్లకో, ముసలి కుక్కకో కావలసింది ఒంటి మీద దుప్పటి, కింద గోనెసంచి. బూట్లు వాటి తర్వాతి మాట.

అయినా ఈ ప్రాంతంలో బూట్ల అవసరం ఎక్కువగా కనిపించేది చలికాలంలోనే. ఎండకాలమంతా నీడపట్టున పడుకున్న కుక్క ఈ నాలుగు నెలల్లోనే ఒళ్లు విరుచుకుని తిరుగుతుంది. కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యాం కట్ట మీద పొద్దుగాల నడిచేవారి వెంట ల్యాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు కనిపించేదీ ఈ రోజుల్లోనే. పంట కోతలు కూడా ఇదే కాలం. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి ఏరివేత ముగిసి కట్టె నరికాక ఏటవాలు మొనలతో మోళ్లు మిగులుతాయి. కంది, జొన్న కోసిన చేలలో కొయ్యకాళ్లు నిలుస్తాయి. కుందేలు వాసన పట్టిన కుక్క ఆ చేనుకు అడ్డంగా దూకితే అరికాలు చీలడానికి ఒక్క మోడు చాలు. గట్ల మీద పల్లేరు ఎండి, కాయలు నేలంతా రాలి ఉంటాయి. ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది కనుక పల్లేరుకాయను తప్పించుకుని నడవడం కుక్కకు సాధ్యం కాదు. వాగుల వెంట, చెరువు శిఖంలో సర్కారు తుమ్మ ఉండనే ఉంది. దాని ముల్లు లోపల విరిగితే వాచి చీము పడుతుంది. కరీంనగర్ చుట్టూ గ్రానైటు క్వారీల దగ్గర రాతి పలుకులు, గోదావరిఖని వైపు బొగ్గు బాటల్లో కంకర, ఆదిలాబాద్ గుట్టల మీద నల్లరాయి ముక్కలు వేరే లెక్క. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు వేళ్ల సందుల్లో ముద్ద కడుతుంది. ఎండితే రాయిలా గట్టిపడి ప్రతి అడుగుకూ చర్మాన్ని నొక్కుతుంది.

ఈ నేల మీద తిరిగే ప్రతి కుక్కకూ బూట్లు కావాలనుకుంటే పొరపాటు. చేను కాపలా కుక్కలు, గొల్లకురుమల మందల వెంట తిరిగే కుక్కలు పుట్టినప్పటి నుంచీ ఈ ముళ్లలోనే నడిచి అరికాలు మందమెక్కినవి. గాయం మానే వరకు తొడుగు తప్పితే వాటికి మరేమీ అక్కర్లేదు. వారమంతా టైల్స్ నేల మీద తిరిగి ఆదివారం ఒక్కపూట గుట్టలెక్కే ఇంటి కుక్క సంగతి వేరు. మెత్తబడిన అరికాలికి ఆ ఒక్కపూటే ఎక్కువ. వాసన పట్టి గంటలకొద్దీ గాలించే పోలీసు కుక్కలకూ తొడుగు పనికొస్తుంది. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో తయారై జిల్లాలకు వచ్చే ఈ కుక్కలు గాజు పెంకుల మీద, కూలిన గోడల మీద కూడా పనిచేయాలి. ఇక నడుము దెబ్బతిని వెనక కాళ్లు ఈడ్చే ముసలి జర్మన్ షెపర్డుకు వెనక రెండు బూట్లు వేస్తే గోళ్లు నేలకు రాసి రక్తం కారడం తప్పుతుంది. బూటు వల్ల పక్కాగా మేలు పొందే కుక్క అదేనని చెప్పవచ్చు.

అంగళ్లలో, ఆన్‌లైన్‌లో దొరికేవి స్థూలంగా మూడు రకాలు. మొదటిది బెలూను లాంటి పలుచని రబ్బరు తొడుగు. పాజ్ అనే పేరుతో వచ్చేది ఇదే. దీనిలో కుక్కకు నేల తెలుస్తుంది, బురద అంటదు, కట్టు కట్టిన కాలు తడవదు. పల్లేరు ముందు మాత్రం నిలవదు, వేడినీ ఆపదు. రెండోది గుడ్డ తొడుగు. ఇసుక బాటకు, పుండు మానే కాలికి చాలు. మూడోది రబ్బరు అడుగున్న అసలు బూటు. అమెరికాలోని రఫ్‌వేర్ సంస్థ చేసే గ్రిప్ ట్రెక్స్‌కు కొండలెక్కేవారి బూట్లకు వాడే విబ్రమ్ రబ్బరునే అడుగుగా వేస్తారు. పత్తి మోళ్లకు, రాతి పలుకులకు పనికొచ్చేది ఈ మూడో రకమే. ఏ కంపెనీదైనా అడుగును రెండు వేళ్లతో వంచి చూడాలి. సులువుగా వంగకపోతే అది బొమ్మ బూటు. కుక్క మడమ మీద కాక వేళ్ల మీద నడిచే జంతువు. వేళ్లు విచ్చుకోవాలి, గోళ్లు నేలను పట్టాలి. పలకలాంటి అడుగు ఆ రెంటినీ ఆపేస్తుంది. పైభాగం గాలి ఆడే గుడ్డ అయితే మేలు. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా అరికాళ్లలోనే కాబట్టి, రెగ్జిన్ తొడుగులో అరగంటకే తడి చేరుతుంది. పెళ్లి ఫొటోల కోసం అమ్మే తళుకు బూట్ల గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

కొలత దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. జాతి పేరు చెప్పి, బరువు చెప్పి బూటు కొనకూడదు. ఒకే బరువున్న రెండు ల్యాబ్రడార్ల పాదాలు ఒకేలా ఉండవు. ముందు గోళ్లు కత్తిరించాలి, వేళ్ల మధ్య వెంట్రుకలను అరికాలితో సమానం చేయాలి. కుక్కను తెల్లకాగితం మీద నిలబెట్టి, ఇంకొకరి చేత ఎదుటి కాలు కాస్త ఎత్తించాలి. అప్పుడే బరువు పడి, కొలిచే పాదం పూర్తిగా విచ్చుకుంటుంది. వెడల్పయిన చోట రెండు వైపులా పెన్సిలు గీతలు గీసి, వాటి మధ్య దూరం కొలవాలి. కూర్చున్న కుక్క పాదం కొలిస్తే బూటు తప్పకుండా బిగుతవుతుంది. సాధారణంగా ముందు పాదాలు వెనకవాటికంటే వెడల్పు. కాబట్టి రెండు జతలనూ వేరువేరుగా కొలవాలి, జతల్లెక్కన అమ్మేవారి దగ్గరే కొనాలి. నాలుగూ ఒకే సైజు కట్టలో వెనక రెండూ మొదటి పరుగులోనే ఎగిరిపోతాయి.

తొడిగేటప్పుడు పాదాన్ని లోపలికి నెట్టి, మడమ వైపు నేలకు తట్టాలి. పట్టీ పడాల్సిన చోటు పెద్ద మెత్తకు పైన, మణికట్టుకు కింద ఉన్న సన్నని భాగం. పైకి జరిగితే మణికట్టు వంగదు, కిందికి జరిగితే బూటు జారుతుంది. పట్టీ కింద ఒక వేలు ఇబ్బంది లేకుండా దూరాలి, లాగితే మాత్రం బూటు రాకూడదు. ముందు కాలి లోపలివైపు నేలకు తగలకుండా ఉండే అయిదో గోరును మరిచిపోరాదు. బూటు అంచు దానికి రాసుకుంటే గంటలో పుండవుతుంది. చిన్నపిల్లల నూలు మేజోడు లోపల తొడిగితే ఆ రాపిడి తగ్గుతుంది. ఆ మందంతో కలిపే సైజు చూసుకోవాలి.

మొదటిసారి బూట్లు వేసిన కుక్క కాళ్లు ఎత్తెత్తి వేస్తుంది, కొన్ని కదలకుండా నిలబడిపోతాయి. నవ్వి వీడియోలు తీసేవారే ఎక్కువ, ఓపిక పట్టేవారు తక్కువ. ఒక కాలికి ఒకటి తొడిగి, ఇష్టమైన ముక్క పెట్టి వెంటనే తీసేయాలి. మరునాడు రెండు, తర్వాత నాలుగు. ఇంట్లో కొన్ని నిమిషాలు సరిపడ్డాకే వాకిట్లో బంతి ఆడించాలి. ఆటలో పడితే కాళ్ల సంగతి మరిచిపోతుంది. చేలల్లో మొదటి నడకలో పావుగంటకోసారి ఆపి బూట్లు విప్పి చూడాలి. వేళ్ల మీద, అయిదో గోరు దగ్గర, పట్టీ కింద ఎర్రబడిందంటే ఆ సైజో, ఆ ఆకారమో సరిపడలేదని అర్థం. అలవాటవుతుందిలే అని వదిలేయకూడదు. విశ్రాంతి వేళ బూట్లు తీసేయాలి, రాత్రంతా ఉంచరాదు. పట్టీ మరీ బిగిస్తే వేళ్లు వాస్తాయి. తడి బూటులో నానిన చర్మానికి బూజు తెగులు పడుతుంది.

ఎండకాలం గురించి ఒక మాట. గాలి 25 డిగ్రీలున్న రోజున కూడా ఎండలోని తారు 50 డిగ్రీలు దాటవచ్చు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. 2018 వేసవిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పోలీసులు తమ కుక్కలకు బూట్లు తొడిగారు. అయితే బూటు అరికాలిని కాపాడుతుందే గాని ఒంటి వేడిని తగ్గించదు. 45 డిగ్రీల్లో బూట్లు వేసి నడిపించడం కంటే తెల్లవారకముందే తిప్పుకురావడం మంచిది.

బూట్లున్నా లేకున్నా, ఇంటికి వచ్చాక గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు విడదీసి చూసి, పొడిగా తుడవాలి. పత్తి చేలల్లో తిరిగి వస్తే మందుల అంటు కూడా దాంతో పోతుంది. విడవకుండా ఒకే వేలు నాకుతుంటే లోపల ముల్లు ఉందని అనుమానించాలి. పిన్నీసుతో కెలక్కుండా పశువుల దవాఖానకు తీసుకెళ్లాలి. పాత కరీంనగర్ జిల్లావారికి కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది.

గుట్టలకు, జలపాతాలకు కుక్కతో బయలుదేరేవారు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలను చంపిన డిస్టెంపర్ వైరస్ కుక్కల్లోనూ ఉండేదే, వాటి నుంచి అడవి జంతువులకూ అంటవచ్చు. కవ్వాల్ పెద్దపులుల అభయారణ్యంలోకి సందర్శకుల వెంట కుక్కలకు ప్రవేశం లేదు. బయట తిప్పే కుక్కకైనా బూట్ల కన్నా ముందు డిస్టెంపర్, రేబిస్ టీకాలు వేయించాలి.