బరఫ్ ఒక్కటి కాదు

మన ఇళ్లల్లో బరఫ్ అంటే ఒక్కటే. ఫ్రిజ్‌లో గడ్డకట్టింది బరఫ్. ఇఫ్తార్ షర్బత్‌లో వేసుకునేది బరఫ్. సినిమాలో కశ్మీర్ కొండ మీద తెల్లగా మెరిసేదీ బరఫే. తెలుగు దగ్గరికొస్తే ఇంకా ఉదారం. పొద్దున్నే పొలాన్ని కమ్మేదీ మంచే, గడ్డిపోచ మీది బొట్టూ మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. బడి ఉర్దూలో, డిగ్రీ తెలుగులో చదివినవాణ్ని నేను. రెండు జబాన్లు కలిపినా మంచుకు నా దగ్గరున్నవి ఈ రెండే లఫ్జులు. మాకు ఫార్సీ చెప్పిన మౌల్వీ సాబ్ మాత్రం, ఆకాశం నుంచి పడేది బరఫ్, గడ్డకట్టింది యఖ్, రెండూ వేరు అని చెప్పేవారు. ఆ ఫరక్ ఏమిటో ఇన్నేళ్లకు గుల్మార్గ్‌లో నా మోకాళ్లకు తెలిసింది.

మా ఆపా కొడుకు అమెరికాలో కొలరాడోలో నౌకరీ చేస్తాడు. అక్కడ మూడు చలికాలాలు స్కీయింగ్ నేర్చుకున్నాడు. ఈసారి ఛుట్టీకి వచ్చినప్పుడు ఒక లావుపాటి సంచీ మోసుకొచ్చాడు. క్రికెట్ కిట్టేమో అనుకున్నాం. తెరిస్తే రెండు జతల స్కీబోర్డులు. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. "మామూ, ఇవి కొత్తవి. గుల్మార్గ్‌లో తజుర్బా చేద్దాం రండి" అన్నాడు. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా బిడ్డ అప్పటికే సూట్‌కేసు దించింది. మా అమ్మీ మాత్రం తస్బీ తిప్పుతూ ఒక్కమాట అన్నది: "పెళ్లీడు పిల్ల. కాలిరిగితే రిష్తా ఎవరు తెస్తరు?" రిష్తా ఫికర్ నాకు లేదు గానీ కాలు ఫికర్ లేదంటే అబద్ధమే.

స్కీబోర్డు అంటే పొట్టి స్కీ. మామూలు స్కీ మనిషి గడ్డం దాకానో నుదురు దాకానో వస్తుంది. ఇది మీటరు లోపే ఉంటుంది, వెడల్పు మాత్రం ఎక్కువ. ముందూ వెనకా రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి కాబట్టి వెనక్కి కూడా జారొచ్చు. చేతిలో కర్రలు అక్కర్లేదు. పుట్టి చాలా ఏళ్లయింది. 1990ల మొదట్లోనే ఆస్ట్రియాకు చెందిన క్నైస్ల్ కంపెనీ బిగ్‌ఫుట్ పేరుతో, ముందు కొసను కాలివేళ్ల ఆకారంలో చేసి అమ్మింది. ఆ దశాబ్దం చివర్లో సలోమాన్ వాళ్ల స్నోబ్లేడ్ వచ్చింది. 1998 నుంచి 2000 దాకా అమెరికా వింటర్ ఎక్స్ గేమ్స్‌లో స్కీబోర్డుకు విడిగా పోటీలే పెట్టారు. తర్వాత రెండు కొసలూ లేచిన పొడుగు స్కీలు రావడంతో వీటి జోరు తగ్గింది. ఇప్పటికీ చేసేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు.

కొత్త ఒక వింత అంటారు కదా, మా భాంజా నోటెంట తారీఫ్ తప్ప ఇంకోటి రావట్లేదు. "మామూ, ఇది ఎక్కడైనా పోతుంది" అంటాడు. నేను పేపర్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా. ఒక్క గవాహీతో వార్త రాయొద్దని మొదటి నెల్లోనే నేర్పించారు. అందుకే ముందే షర్త్ పెట్టాను. ఆరు రోజులుంటాం, ఎన్ని రకాల బరఫ్ దొరికితే అన్నింట్లో చూద్దాం, ఫైసలా ఆ తర్వాత.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్లు. కింద టంగ్‌మర్గ్ దాటాక చక్రాలకు గొలుసులు కడితేగానీ బండి పైకి పోదు. గుల్మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. అక్కడి నుంచి గండోలా రెండు అంచెల్లో వెళుతుంది. మొదటిది 1998లో మొదలైంది, కొంగ్‌దూరీ దాకా. రెండోది 2005లో వచ్చింది, అఫర్వాత్ కొండ భుజం దాకా, అంటే 3,900 మీటర్లు దాటి. మాకు దొరికిన గైడ్ సాబ్ టంగ్‌మర్గ్ మనిషి, యాభై దాటినాయన. నా దక్కనీలో "నక్కో" విన్నప్పుడల్లా ముసిముసిగా నవ్వేవాడు.

మొదటి రోజు పొద్దున, నేర్చుకునేవాళ్ల చిన్న వాలు మీదికి పోయాం. రాత్రి యంత్రం తొక్కించి చదును చేసిన మంచు, దువ్వెనతో దువ్వినట్టు గీతలు గీతలుగా ఉంది. అక్కడ స్కీబోర్డు నిజంగానే షాన్‌గా నడిచింది. ఎటు తిరగాలనుకుంటే అటు తిరుగుతుంది. పొడుగు స్కీతో తొలిరోజంతా కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడటమే సరిపోతుంది. ఇక్కడ ఆ గొడవ లేదు. మా బిడ్డ గంటలో మలుపులు తిప్పింది. "అబ్బా, హల్లూ హల్లూ రా" అని నాకే సబఖ్ చెప్పింది. మధ్యాహ్నానికి నేనూ పడకుండా కిందికి దిగాను. భాంజా నావైపు చూసిన చూపులో "చెప్పానా లేదా" అన్న గర్వం ఉంది. సరే, ఇది ఒక గవాహీ.

రెండో రోజు గవాహీ వేరేలా చెప్పింది. ముందురోజు ఎండకు పైపొర కొంచెం కరిగింది. రాత్రి ఆకాశం తేటగా ఉండటంతో చలికి అదంతా గడ్డకట్టింది. పొద్దున ఎనిమిదింటికి వాలు అద్దంలా ఉంది. మౌల్వీ సాబ్ చెప్పిన యఖ్ ఇదే. గట్టి మంచు మీద మనిషిని నిలబెట్టేది స్కీ పక్కనుండే ఇనుప అంచు. బోర్డు పొట్టిదైతే అంచూ పొట్టిదే, పట్టూ తక్కువే. కాళ్ల కింద టకటకమని వణుకు. వేగం పెరిగితే వణుకూ పెరుగుతుంది. పైగా పొడుగు స్కీకి వెనక తోక ఉంటుంది, కొంచెం వెనక్కి వాలినా ఆదుకుంటుంది. దీనికి ఆ సహారా లేదు. వెనక్కి వాలానా, సీదా కూర్చోవడమే. నేను నాలుగుసార్లు కూర్చున్నాను. భాంజా ఆకురాయి తీసి అంచులు పదును పెట్టాక కొంత నయమైంది. కానీ ఆ పూట అతని నోట తారీఫ్ వినిపించలేదు.

మూడో రాత్రంతా బరఫ్ పడింది. పొద్దున చూస్తే మోకాలి లోతు. పొడి పొడిగా, ఊదితే ఎగిరేంత తేలిక. ఇలాంటి తాజా బరఫ్ పది సెంటీమీటర్లు కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీళ్లే వస్తాయి. మిగిలిందంతా గాలే. ఆ గాలి మీద మనిషి తేలాలంటే కాళ్ల కింద విస్తీర్ణం కావాలి. నేను కాగితం మీద హిసాబ్ వేశాను. మా బోర్డు 99 సెంటీమీటర్ల పొడవు, సగటున 12 వెడల్పు. జత కలిపితే 2,376 చదరపు సెంటీమీటర్లు. 170 పొడవు, 10 వెడల్పు ఉన్న స్కీ జతకు 3,400. అంటే మనకు దొరికేది అందులో 70 శాతమే. బరువు మాత్రం అదే మనిషిది.

భాంజా హిసాబ్ వినలేదు. చదును చేసిన దారి అంచు దాటి చెట్ల వైపు పోయాడు. ఇరవై గజాలు పోయాడో లేదో బోర్డు కొసలు మునిగాయి, మనిషి ముందుకు బోర్లా పడ్డాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఈ వ్యాసం మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మామూలు స్కీ బైండింగ్ పడినప్పుడు బూటును వదిలేస్తుంది. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, వచ్చిన విద్య చూసి ఎంత దెబ్బకు వదలాలో ముందే బిగిస్తారు. చాలా స్కీబోర్డులకు వచ్చే బైండింగ్ వదలదు. బూటును పట్టుకునే ఉంటుంది. పాదం బోర్డుతో ఇరుక్కుపోయి ఒళ్లు ఇంకోవైపు తిరిగితే ఆ మెలి అంతా మోకాలి కింది ఎముక మీద పడుతుంది. ఈ బోర్డులు వాడేవాళ్లలో కాలి ఎముక విరగడం మామూలు స్కీవాళ్ల కన్నా ఎక్కువని డాక్టర్లు ఎప్పుడో రాశారు. భాంజా జతకు వదలని బైండింగే ఉంది. నేనూ బిడ్డా వంతులవారీగా తొడుక్కున్న రెండో జతకు మాత్రం వదిలే బైండింగ్, కింద ఎత్తు పలక వేసి బిగించింది. మనిషి మారినప్పుడల్లా గైడ్ సాబ్ స్క్రూడ్రైవర్ తీసి మళ్లీ సరిచేసేవాడు.

గైడ్ సాబ్ చేతులతోనే మంచు తవ్వి భాంజా కాళ్లు బయటికి తీశాడు. అల్లా దయ, ఎముకకు ఏం కాలేదు. చీలమండ వాచింది. ఒకరోజు కుంటాడు.

అదే రాత్రి, ముగ్గురం కాంగ్డీ చుట్టూ కూర్చుని కహ్వా తాగుతుంటే మా బిడ్డ అన్నది: "అబ్బా, రేపు గాలి తగ్గితే రెండో ఫేజ్ తెరుస్తారట. నేను పోతా. ఈ బోర్డు వద్దంటే పొడుగు స్కీ కిరాయికి తీసుకుంటా." బోర్డు లోపం ఏమిటో తానే చూసి, తానే జవాబు తెచ్చుకుని మరీ అడిగింది. నేను గైడ్ సాబ్ వైపు చూశాను. ఆయన కప్పు కింద పెట్టి, "బేటీ, స్కీ బదల్‌నే సే పహాడ్ నహీ బదల్‌తా" అన్నాడు. పైన అఫర్వాత్ మీద భయం కాళ్ల కింది చెక్క గురించి కాదట, తల మీది వాలు గురించట. కొత్త బరఫ్ పడుతున్నప్పుడూ, పడ్డాక మొదటి 24 గంటలూ హిమపాతాలకు అదను. పాత గట్టి పొర మీద కొత్త పొర ఇంకా అతుక్కోదు, ఒక్క మనిషి బరువుకే జారిపోవచ్చు. మనం రెండో రోజు చూసిన ఆ అద్దంలాంటి యఖ్ పైనా ఉంటే, దాని మీదే ఈ మోకాలి లోతు కూర్చుంది. అక్కడికి పోయేవాళ్లు ఒంటికి సిగ్నల్ ఇచ్చే యంత్రం కట్టుకుని, పార, పొడుగు కడ్డీ పట్టుకుని, అవి వాడటం నేర్చుకుని పోతారు. మూడు రోజుల విద్యతో కాదు.

బిడ్డ నావైపు తిరిగింది. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్ల. దాదీ ఒద్దన్నప్పుడు "నాన్సెన్స్" అని కొట్టిపారేసి తీసుకొచ్చింది నేనే. ఆడపిల్లవని ఎన్నడూ దేనికీ ఆపలేదు. ఇప్పుడు నేనూ దాదీలాగే మాట్లాడుతున్నానని ఆమె అనుకుంటే? ఆ ఖయాల్ నన్ను నిజంగా కోసింది. అయినా చెప్పాను: "నక్కో బేటా. రేపు నక్కో. మగపిల్లాడివైనా నక్కోనే." ఆమె కప్పు ఖాళీ చేసి లేచిపోయింది. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ ఖామోషీని నేను భరించాల్సిందే అనుకున్నాను, భరించాను.

అయిదో రోజు ఎండ కాసింది. మధ్యాహ్నానికి కింది వాలు మీద బరఫ్ పాలల్లో నానిన సేవియాలా తయారైంది. ఇది నాలుగో గవాహీ. తడి మంచు బోర్డు అడుగును పట్టి లాగుతుంది. సాఫీగా పోతూ పోతూ ఎవరో కాలర్ పట్టుకున్నట్టు ఆగిపోతాం. అడుగున మైనం రుద్దితే పట్టు తగ్గుతుంది. అది తప్ప, ఈ బరఫ్‌లో పొట్టి బోర్డుకే ఫాయిదా. పొడుగు స్కీ మీద వచ్చినవాళ్లు ఆ బరువు మంచును తోసి తోసి తొడలు పట్టుకుని కూర్చున్నారు. మా బిడ్డ అదే వాలు మీద వెనక్కి జారడం నేర్చుకుంది. మూడుసార్లు పడింది, మూడుసార్లూ బైండింగ్ అవసరమైనప్పుడు వదిలింది. నాలుగోసారి దాటిపోతూ "దేఖో అబ్బా!" అని అరిచింది. మాటలు మళ్లీ మొదలయ్యాయని నాకు అలా తెలిసింది. రెండో ఫేజ్ సంగతి మాత్రం ఆమె వదిలేయలేదు. హిమపాతం కోర్సు చేసి వచ్చే ఏడు మళ్లీ అడుగుతానంది. అడగనీ.

కాబట్టి నా ఫైసలా ఇదీ. చదును చేసిన మంచు మీద, మెత్తబడిన మధ్యాహ్నపు మంచు మీద స్కీబోర్డు మంచి నేస్తం. నేర్చుకోవడం తేలిక, మోత తేలిక. గడ్డకట్టిన పొద్దున అది సగం నేస్తమే. అంచు పదునుగా ఉండాలి, వేగం తగ్గాలి. లోతైన కొత్త బరఫ్‌లో మీటరు బోర్డుకు పని లేదు. అందుకు ఇంకా పొడుగు, వెడల్పు ఉన్నవి వేరే దొరుకుతాయి. ఎందులోనైనా సరే, వదిలే బైండింగ్ లేకుండా పిల్లల కాళ్లకు తొడగకండి. తలకు హెల్మెట్ తప్పనిసరి. తోలు మోజాలు సఫర్ సామాన్లో పెట్టుకోండి, మసహ్‌కు పనికొస్తాయి, ఆ చన్నీళ్లలో పాదాలు ముంచే కష్టం తప్పుతుంది.

గైడ్ సాబ్ మాటల్లో నన్ను వెంటాడింది ఇంకొకటి ఉంది. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల చిల్లా-ఎ-కలాన్‌లో పడిన బరఫే నిలిచే బరఫ్ అని కశ్మీరీల నమ్మకం. తర్వాత పడేది తొందరగా కరుగుతుంది. 2024 జనవరిలో గుల్మార్గ్ గడ్డి బయటపడి పచ్చగోధుమ రంగులో ఉండిపోయింది. బరఫ్ నెలాఖరుకు గానీ రాలేదు. ఆ నెల తన ఇంట్లో చూల్హా ఎలా వెలిగిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మేం నాలుగు రకాల బరఫ్ వెతుక్కుంటూ పోయాం. ఆయనకు ఏదో ఒక రకం పడితే చాలు.

వచ్చేటప్పుడు భాంజా తన జతను గైడ్ సాబ్ కొడుక్కి తోఫాగా ఇచ్చాడు. పిల్లవాడి కళ్లు మెరిశాయి. గైడ్ సాబ్ షుక్రియా చెప్పి తీసుకున్నాడు. వెంటనే స్క్రూడ్రైవర్ తీసి నాలుగు స్క్రూలూ విప్పి, ఆ వదలని బైండింగ్‌ను భాంజా చేతిలోనే పెట్టాడు. బోర్డులు మాత్రం చంకన పెట్టుకుని, "వేరేవి దొరికినప్పుడు బిగిస్తాను" అన్నాడు.