మామయ్యగారి ఇనుపపెట్టె

పాత సామాన్లు వదిలించుకోవటంలో నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరని పేరు. దీపావళికి ముందు నేను ఇల్లు దులపటం మొదలుపెడితే మా ఆయన తన చెప్పులు కూడా తీసి లోపల దాచుకుంటారు. కిందటి ఏడు ఆ వూపులోనే, మంచం కింద తుప్పుపట్టి పడివున్న ఇనుపపెట్టె ఒకటి, పాత ఇనుము కొనే అబ్బాయికి తూచి ఇచ్చేశాను. అందులో ఏవో ఆకురాళ్లు, కొలతల పనిముట్లు, అరిగిపోయిన ఉలులు వున్నాయి. వచ్చిన డబ్బుతో ప్రమిదలు కొన్నాను.

ఆ పెట్టె మా మామయ్యగారిది.

ఆయన పటాన్‌చెరులో ఒక కర్మాగారంలో 38 ఏళ్లు లేతు మిషను మీద పనిచేశారు. 1978లో చేరి 2016లో రిటైరయ్యారు. అత్తయ్య పోయిన తరువాత మాటలు తగ్గించారు. పెట్టె సంగతి తెలిసిన సాయంత్రం మంచం కిందికి ఒకసారి వంగి చూసి, "ఏం చేస్తం బిడ్డా, పోనీ" అన్నారు. అంతే. కోప్పడివుంటే నేనూ నాలుగు మాటలని మరిచిపోయేదాన్ని. కోప్పడకపోవటమే నా ప్రాణానికి వచ్చింది. ఆనాటి నుంచి ఆయన మొదటి షిఫ్టు వేళకు లేచి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవటం, పిలిస్తే భోజనానికి రావటం, ఇంతకు మించి మా ఇంట్లో ఆయన వున్న అలికిడే లేదు.

ఇలా వుండగా నవంబరు నెల వచ్చింది. 14న బాలల దినోత్సవం, 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. మ్యూజియముల్లో ప్రదర్శనలూ, ఉపన్యాసాలూ, పిల్లలకు పోటీలూ జరిగే రోజులు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని, ఈ నెలలో చూసినవన్నీ నోటుపుస్తకంలో వ్రాసుకు రమ్మన్నారు బడిలో. పిల్లకు చదువు, తల్లిదండ్రులకు ప్రయాణం! మామయ్యగారిని ఒక్కరినీ ఇంట్లో వదలటమెందుకని ఆయన్ని కూడా బయలుదేరదీశాము. రానని అనలేదు, వస్తాననీ అనలేదు. చొక్కా మార్చుకుని వచ్చి బస్సెక్కారు.

మొదటి ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలో దీన్ని ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. నలభై వేలకు పైబడిన వస్తువులు! వీటిలో చాలాభాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసినవే. ఆయన 1949లో కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదుట.

"అందుకే ఇన్ని వస్తువులు మిగిలాయి" అన్నారు మా ఆయన, నా వంక చూడకుండా.

ముసుగు వేసుకున్న రెబెక్కా ముందు అరగంట నిలబడ్డాము. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నారు. పాలరాతిని పలచటి వస్త్రంలాగా జార్చి, ఆ వస్త్రం వెనక ముఖం కనిపించేటట్లు చెయ్యటం మనిషికి సాధ్యమని, చూస్తేగాని నమ్మలేము. మా అమ్మాయి పుస్తకంలో రెండు పేజీలు నింపింది. మామయ్యగారు ఒకసారి చూసి ముందుకు నడిచారు.

పన్నెండు కావస్తుండగా జనమంతా గడియారం ముందుకు చేరారు. గంట కాగానే దాంట్లోంచి గడ్డపు బొమ్మ ఒకటి నడిచి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పిల్లలు కేరింతలు, పెద్దలు ఫోనులో ఫోటోలు. హడావిడి అయిపోయి అందరూ వెళుతున్నా మామయ్యగారు కదలలేదు. ఆ గడియారంలోనే మరో బొమ్మ వుంది. కమ్మరివాడిలాగా సుత్తి పట్టుకుని క్షణానికొక దెబ్బ కొడుతూ వుంటుంది.

"గంట కొట్టెటోన్ని అందరు చూసిన్రు" అన్నారాయన. "వీడు నిమిషానికి అరవై దెబ్బలు కొడుతున్నడు. వీన్ని ఎవ్వరు చూడరు."

ఇరవై రోజుల తరువాత ఆయన నోటి వెంట వచ్చిన మొదటి పెద్ద మాట అది. నాకు ఎక్కడో చురుక్కుమన్నది.

రెండో ఆదివారం, వారసత్వ వారోత్సవాల్లో భాగంగా హైదరాబాదులోనే ఒక ఉపన్యాసానికి వెళ్లాము. తెర మీద శాతవాహనుల నాణేల బొమ్మలు చూపిస్తూ మాట్లాడిన పెద్దమనిషి మధ్యలో ఆగి, "మీలో కొండాపురం చూసినవాళ్లెందరు?" అని అడిగారు. సగం మంది చేతులెత్తారు. మా ఆయన కూడా ఎత్తారు.

"హైటెక్ సిటీ పక్క కొండాపురం కాదండీ. సంగారెడ్డి అవతలి కొండాపురం."

ఎత్తిన చేతులన్నీ దిగిపోయాయి. పదహారేళ్లుగా పటాన్‌చెరులో కాపురమున్నాము. సంగారెడ్డికి పెళ్లిళ్లకని, ఆఫీసు పనులకని ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. రోములో కొన్న బొమ్మ కోసం రెండు బస్సులు మారినవాళ్లం, ఇంటి దగ్గర ఏమున్నదో ఎరగం! మా అమ్మాయి మా ఇద్దరి వంకా చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

అంచేత మూడో ఆదివారం కొండాపురం. ఊరికి కాస్త అవతల పెద్ద మట్టి దిబ్బ, దానికి కోటగడ్డ అని పేరు. 1940వ సంవత్సరం ప్రాంతాల నైజాము పురావస్తు శాఖవారు గులాం యజ్దానీగారి ఆధ్వర్యాన ఇక్కడ తవ్వకాలు జరిపించారు. మట్టి కింద ఒక పట్టణమే బయటపడ్డది. రెండువేల ఏళ్ల నాటి ఇటుక గోడలు, కుండలు, శాతవాహనుల నాణేలు, ఆఖరికి రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా. రోము సరుకు రెబెక్కా కన్నా పద్ధెనిమిది వందల ఏళ్ల ముందే సంగారెడ్డి దారి పట్టిందన్నమాట!

మ్యూజియం చిన్నది. ఆ పూట మేము నలుగురం తప్ప చూసేవాళ్లెవరూ లేరు. తెల్లమట్టితో చేసిన బొమ్మల తలకట్లు చూస్తే, ఆ కాలపు ఆడవాళ్లకు జడలు వేసుకోవటానికే సగం పొద్దు పట్టేదేమో అనిపించింది. ముందు సగం ఒక అచ్చులో, వెనక సగం మరో అచ్చులో ఒత్తి, రెండూ అతికి చేసేవారుట.

"రెండు డైలు" అన్నారు మామయ్యగారు. "లోపల డొల్ల. మట్టి తక్కువ పడుతది, కాల్చినప్పుడు పగలదు."

మేము ముగ్గురం ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాము. ఆయన అప్పటికే పూసల దగ్గరికి వెళ్లిపోయారు. కళ్లజోడు తుడుచుకుని, అద్దానికి ముక్కు ఆనించి, గోరంత ఎర్రరాతి పూసను ఎంతసేపు చూశారో!

"బిడ్డా, ఇటు రా" అని మనవరాలిని పిలిచారు. "గింత గట్టి రాయికి గింత సన్నబోరు. ఒక దిక్కు నుంచే తొలిస్తే అవతల పెచ్చు లేస్తది. అందుకని ఇటు నుంచి సగం, అటు నుంచి సగం తొలిచి నడుమ కలపాలె. వెంట్రుకంత పక్కకు పోయినా పూస పాడే. కరెంటు లేదు, మిషను లేదు. చేతితోని చేసిన్రు."

అక్కడి నుంచి ఆ మ్యూజియానికి ఆయనే గైడు. ఏ నాణెం అచ్చు సరిగ్గా కూర్చోలేదో, ఏ కుండ చక్రం మీద నిదానంగా లేచిందో చెప్పుకుంటూ నడిచారు. పిల్ల వెనకాలే వ్రాసుకుంటూ పరుగెత్తింది. పటాన్‌చెరులో పొగగొట్టాలు లేచింది మొన్నమొన్న. పనివాళ్ల ఊళ్లు మాత్రం ఈ నేలకు కొత్త కాదని అప్పుడు తోచింది నాకు.

చివరికి ఇనుప సామాన్ల దగ్గరికి వచ్చాము. కత్తులు, కొడవళ్లు, పేరు తెలియని ముక్కలు. మా పెట్టెలో వున్నవాటికన్నా నూరు రెట్లు తుప్పుపట్టినవి. వాటిని అద్దాల బీరువాలో పెట్టి, పేర్లు వ్రాసి, తాళం వేసి వుంచారు. మామయ్యగారు వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నా వైపు చూడలేదు. చూడకపోవటం నా మీద దయతోనని నాకు తెలుసు. ఏ పనివాడు ఏ రోజున పారేసుకున్నాడో, ఏ ఇల్లాలు ఏ పండుగకు విసిరివేసిందో! రెండువేల ఏళ్ల తరువాత ఎవరో వచ్చి ఏరి దాచిపెట్టారు. నాకు నెల రోజులు ఓపిక లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పాత ఇనుము దుకాణానికి వెళ్లాను. "ఆ లోడు ఎప్పుడో కొలిమికి పోయిందమ్మా, ఈపాటికి కరిగి ఇంకేదో అయివుంటుంది" అన్నాడు అతను. ఇంటికి వచ్చి ఆ మాటే మామయ్యగారితో చెప్పి, "తప్పయిపోయింది" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అన్నీ పోలేదు బిడ్డా" అన్నారు. నెమ్మదిగా లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, గాలికి తలుపు కొట్టుకోకుండా నేను ఇన్నేళ్లుగా అడ్డం పెడుతున్న గుండ్రటి ఉక్కు దిమ్మ తీసి బల్ల మీద పెట్టారు. పని నేర్చుకునే రోజుల్లో ఆయన లేతు మీద తీసిన మొదటి వస్తువుట అది!

మా అమ్మాయి దాన్ని కిరసనాయిలుతో తుడిచి, అద్దాల బీరువాలో మా పెళ్లి వెండి గిన్నెల మధ్య పెట్టి, ముందర ఒక అట్టముక్క నిలబెట్టింది. "ఉక్కు దిమ్మ. చేసినవారు: మా తాత. పటాన్‌చెరు, 1978."

మామయ్యగారు చదివి తల అడ్డంగా ఆడించారు. "కొలత రాయలే. కొలత లేకుంటే అదేం వస్తువు?"

కొలుద్దామంటే కొలిచే పనిముట్టు ఆ పెట్టెతోనే పోయింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మాత్రం దిమ్మను అరచేతిలో ఒకసారి దొర్లించి, "రాయి బిడ్డా. నలభై మిల్లీమీటర్లకు రెండు పాయింట్లు తక్కువ" అన్నారు. "ఆ రెండు పాయింట్లకే మేస్త్రీ నన్ను సాయంత్రం దాక తిట్టిండు." అని నవ్వారు. అత్తయ్య పోయిన తరువాత ఆ నవ్వు వినటం అదే మొదలు.

ఇప్పుడు వంటింటి తలుపుకు ఇటుకరాయి అడ్డం పెడుతున్నాను. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతూ దాన్ని కూడా తీసి పారెయ్యబోయి, ఎందుకైనా మంచిదని వరండాలోకి వెళ్లి అడిగి వచ్చాను.