104 బండి రోజు, మిరప కోత రోజు

నల్ల తామర పురుగు గురించి మిగతాది రేపు రాస్తాను. ఈరోజు వేరే సంగతి.

మా ఊరికి నెలకు రెండుసార్లు 104 బండి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి రాష్ట్రమంతా పెట్టిన దగ్గర్నుంచి పీహెచ్‌సీ డాక్టరుగారే బండితో వస్తున్నారు. పొద్దున విలేజ్ క్లినిక్ దగ్గర ఓపీ, మధ్యాహ్నం మంచంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు. మంచి పద్ధతే. నాకు ఆరేళ్ళుగా బీపీ. ఇదివరకు మాత్రలకి నరసరావుపేట పోయేవాణ్ణి, ఛార్జీలు, ఫీజు, ఒక పూట పని పోయేవి. ఇప్పుడా బాధ లేదు.

కానీ బండి తొమ్మిదింటికి వస్తుంది. కోతలప్పుడు కూలీల ఆటో ఆరున్నరకే ఊరు దాటుతుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి బండి వెళ్ళిపోయి ఉంటుంది.

మా చేలో కోసే ముఠాలో ఒక అక్క ఉంది. ఆమెకీ బీపీనే. పోయిన జనవరిలో "తమ్ముడూ, రేపు బండి రోజు, ఒక పూట ఆగి వస్తా" అంది. మబ్బు పట్టి ఉంది, చేలో కాయ పండి ఉంది. "మళ్ళీ పదిహేను రోజులకి వస్తదిగా అక్కా, అప్పుడు తీసుకో" అన్నాను. ఆ మాట అన్నది నేనే, దాచేదేం లేదు. రెండోసారి బండి వచ్చిన రోజు ఆమె పక్క ఊరి చేలో ఉంది. మాత్రలు అయిపోయాయి. ఫిబ్రవరిలో సాళ్ళ మధ్యనే కూలబడింది. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవలేదు. 108లో గుంటూరు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి ఇంకా సరిగ్గా రాలేదు. చేత్తో కాయ కోసి బతికే మనిషి.

ఊళ్ళో కొందరు డాక్టర్ని తిట్టారు. ఆయన చెప్పిన రోజుకి వచ్చాడు, ఆయన రిజిస్టర్లో వచ్చినవాళ్ళ పేర్లే ఉంటాయి. రానివాళ్ళ సంగతి ఆయనకెవరు చెప్పాలి? కాలవ మొదట్లో పొలం ఉన్నవాణ్ణి అడిగితే నీళ్ళు బ్రహ్మాండం అంటాడు. చివరి భూముల వాణ్ణి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. నీళ్ళు వాడుకునే రైతుకి మాట ఉండాలనేగా 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చారు. వైద్యానికీ అట్లాంటిది ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ అంటారు. పంచాయతీ, ఏఎన్ఎమ్, ఆశా, ఊరి జనం అందరూ కూర్చునే కమిటీ. మా ఊళ్ళో అది కాగితం మీదే ఉంది.

సర్పంచి గారిని అడిగి ఒక రాత్రి ఏడున్నరకి క్లినిక్ అరుగు మీద కూర్చున్నాం. పదకొండు మంది వచ్చారు, ఎక్కువ ఆడవాళ్ళే. డాక్టరుగారు కూడా ఆగారు, ఆ మాట చెప్పుకోవాలి. నేను బండి టైం ఒక్కటే సమస్య అనుకుంటూ పోయాను. వాళ్ళు చెప్పినవి వేరే. బండి తేదీ వాట్సాప్‌లో పెడతారు, చాలామంది ఆడవాళ్ళ దగ్గర ఆ ఫోనే లేదు. మాత్రలు పదిహేను రోజులకే ఇస్తున్నారు. ఇంకొకామె చాలాసేపు మాట్లాడలేదు, చివర్లో అంది: "వరసలో మగోళ్ళ ముందు నా జబ్బు ఎట్లా చెప్పను సారూ?" డాక్టరుగారు తల దించుకుని రాసుకున్నారు.

బీపీ, షుగరు అదుపులో ఉన్నవాళ్ళకి ఇప్పుడు నెల మాత్రలు ఇస్తున్నారు. ముందురోజు సాయంత్రం గుడి మైకులో చెబుతున్నారు. ఒక కర్టెన్ కట్టారు, పాత చీరే అనుకోండి. కోతల నెలల్లో వారానికి రెండు రోజులు క్లినిక్ మేడమ్ ఏడింటిదాకా ఉండి బీపీ చూస్తానంది. బండి టైం మాత్రం డాక్టరు చేతిలో లేదట, పైవాళ్ళకి అర్జీ పెట్టాం, జవాబు రాలేదు.

రైతుల వైపు పని కూడా ఉంది. బండి రోజు మాత్రలు కావాల్సినవాళ్ళు పదకొండింటికి వచ్చినా కూలి కొయ్యనని మేస్త్రికి చెప్పాను. ఇద్దరు రైతులు నవ్వారు. నవ్వనీ.

అక్క ఇప్పుడు బండి రోజు క్లినిక్ ముందే కూర్చుంటుంది. ఎవరు రాలేదో చూసి ఆశా అమ్మాయికి చెబుతుంది, ఆ అమ్మాయి వాళ్ళ ఇంటికి పోతుంది. మొన్న ముగ్గురి పేర్లు చెప్పింది. అందులో ఒకడు మా తమ్ముడు.